తూకం వేస్తున్నారు సరే, చదువుతున్నారా?
గర్భిణులను చూసే డాక్టర్లకు, నర్సులకు, ఆరోగ్య శాఖ అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన వైద్య ఆరోగ్య శాఖ అధికారులకు, గైనకాలజిస్టులకు, మెడికల్ ఆఫీసర్లకు, స్టాఫ్ నర్సులకు, ఏఎన్ఎంలకు,

నమస్కారం.

గర్భిణులకు చెకప్‌లో బరువు చూసే పద్ధతి గురించి ఈ లేఖ. ఇంత చిన్న విషయానికి లేఖ ఎందుకని మీకు అనిపించవచ్చు. మాకూ మొదట అలాగే అనిపించి నోటిమాటగా చెప్పాం. నర్సమ్మకు చెప్పాం, డాక్టరుగారికి చెప్పాం. ఆ తర్వాత కాగితం మీద రాసి, మా ఊరి ఆడవాళ్లం సంతకాలు పెట్టి, సోమవారం అర్జీలు తీసుకునేచోట ఇచ్చాం. రసీదు ఇచ్చారు. కొన్నాళ్లకు అర్జీ పరిష్కారమైందని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారో చూద్దామని వెళ్తే బరువు మిషన్ ఉన్నచోటే ఉంది, అరుపులూ అలాగే ఉన్నాయి.

అందుకే అందరికీ కనపడేలా రాస్తున్నాం. ఆసుపత్రి పేరు రాయడం లేదు. ఎవరి ఉద్యోగానికీ ఎసరు పెట్టే ఉద్దేశం లేదు. పైగా పేరు రాస్తే అక్కడ ఒక్కచోటే ఇలా ఉందనుకుని మిగతావాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. వేరే ఊళ్లలో ఉన్న మా అక్కచెల్లెళ్లను, వదినలను అడిగితే కథ ఇంచుమించు ఒకటే.

మా మండలంలోని ఆసుపత్రిలో బరువు మిషన్ వరండాలో ఉంటుంది, ఓపీ చీటీలు రాసే టేబుల్‌కు కాస్త దూరంలో. ముల్లు తిరిగే రకం. పైన అద్దం గీతలు పడి 60కీ 70కీ మధ్య గీతలు సరిగా కనపడవు. గచ్చు ఎగుడుదిగుడుగా ఉందని ఒక కాలి కింద అట్టముక్క మడిచి పెట్టారు. ప్రతి నెలా 9వ తేదీన, అంటే ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ చెకప్ రోజున, ఆ వరండాలో గర్భిణులు ఒక్కరే ఉండరు. వెంట వచ్చిన అత్తలు, అమ్మలు, బండి మీద దించి అక్కడే నిలబడ్డ మొగుళ్లు, షుగరు బిళ్లల కోసం వచ్చిన పెద్దాయనలు అందరూ ఉంటారు. మిషన్ దగ్గర ఒకరు వంగి ముల్లు చూస్తారు, టేబుల్ దగ్గర ఇంకొకరు రాసుకుంటారు. మధ్యలో జనం. కాబట్టి అరవాల్సిందే. "డెబ్బై నాలుగు!" అనగానే వరండా అంతా తల తిప్పి చూస్తుంది. వెనకాలే ఒక మాట: "పోయిన నెల డెబ్బై కదమ్మా, ఇంట్లో కూర్చుని తినడమేనా పని?" కోపంగా అనరు, నవ్వుతూనే అంటారు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతారు. ఆ అమ్మాయి కూడా నవ్వుతుంది. నవ్వక ఏం చేస్తుంది?

ప్రైవేటు ఆసుపత్రిలో అరుపు ఉండదు. టైల్స్, ఏసీ, డిజిటల్ మిషన్. అదీ రిసెప్షన్ పక్కనే, అందరూ కూర్చునే కుర్చీల ఎదురుగా. అంకె ఎర్రగా వెలుగుతూ కనపడుతుంది కాబట్టి అరవాల్సిన పని లేదు. లోపలికి వెళ్లాక డాక్టరమ్మ ఫైలు తెరిచి భర్తతో, "మీ ఆవిడకు స్వీట్లు మాన్పించండి" అంటారు. కడుపుతో ఉన్నది ఆవిడ, మాట్లాడేది ఆయనతో. ఆవిడ స్వీట్లు తింటుందో లేదో ఎవరూ అడగరు.

ఒక విషయం ముందే స్పష్టం చేయాలి. బరువు చూడడం మానేయమని మేం అడగడం లేదు. బ్రిటన్‌లో 2008 నాటి జాతీయ మార్గదర్శకాలు తొలి చెకప్‌లో బరువు, ఎత్తు చూసి, ఆ తర్వాత వైద్యంలో ఏదైనా మార్పు చేయడానికి పనికొస్తేనే మళ్లీ తూచమన్నాయి. మన దగ్గర పరిస్థితి వేరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 18.8 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 14.8 శాతం ఉండాల్సిన బరువు కంటే తక్కువ ఉన్నారు. అదే సర్వేలో అధిక బరువు ఉన్నవాళ్లు తెలంగాణలో 30.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం. రెండు రాష్ట్రాల్లోనూ గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తహీనత. ఇలాంటి చోట నెలనెలా తూకం కావాలి. కానీ బ్రిటన్‌వాళ్లు అన్న ఆ ఒక్క షరతు మాత్రం మనకూ కావాలి. తూచిన అంకెతో ఏదో ఒకటి చేయాలి. మా చెకప్ కార్డుల్లో బరువు గడులన్నీ నిండి ఉన్నాయి. ఆ గడుల వల్ల మా వైద్యంలో ఏం మారిందో మాత్రం కనపడదు.

దీనివల్ల మామూలు ఇళ్లలో ఏం జరుగుతోందో వరసగా చెబుతాం.

1. తూకానికి భయపడి పస్తులుంటున్నారు. 9వ తేదీన పొద్దున టిఫిన్ చేయకుండా వచ్చేవాళ్లు మాలో చాలామంది. అరకిలో అయినా తగ్గి కనపడుతుందని నీళ్లు కూడా తాగరు. ఏడో నెల కడుపుతో, ఖాళీ కడుపుతో, ఎండలో క్యూ. కళ్లు తిరిగి పడిపోతే "రక్తం తక్కువుందమ్మా, మాత్రలు వేసుకో" అని పంపిస్తారు. కొందరు అసలు ఆ నెల చెకప్పే ఎగ్గొడతారు. ఎగ్గొడితే పోయేది తూకం ఒక్కటే కాదు. బీపీ, మూత్ర పరీక్ష, హిమోగ్లోబిన్, బిడ్డ గుండె చప్పుడు అన్నీ పోతాయి. కనీసం నాలుగు చెకప్‌లు కావాలని ప్రభుత్వమే అంటోంది, ఎనిమిది సార్లు కలవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో చెప్పింది. ఒక్క మాట పడలేక అందులో ఒకటి రెండు వదులుకుంటున్న మనుషులు ఉన్నారని మీ రిజిస్టర్లలో ఎక్కడా రాసి ఉండదు. "రాలేదు" అని మాత్రమే ఉంటుంది.

2. పెరిగిన బరువును తిండిపోతుతనంగా చదువుతున్నారు. ఈ లేఖ రాయడానికి అసలు కారణం ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి.

మా పక్కవీధి అమ్మాయికి ఎనిమిదో నెల నడుస్తోంది. సంక్రాంతి తర్వాత చెకప్‌కు వెళ్తే అంతకుముందు నెల కంటే దాదాపు 4 కిలోలు పెరిగింది. "పండక్కి అరిసెలు బాగా లాగించావే" అన్నారు. కార్డులో బీపీ 120/80 అని ఉంది. ఆ రోజు మా ఊరి నుంచి వెళ్లిన మిగతావాళ్ల కార్డుల్లోనూ 120/80 అనే ఉంది. మూత్ర పరీక్ష గడి ఖాళీ. ఆ అమ్మాయి ఇంటికొచ్చి రాత్రిపూట అన్నం మానేసి మజ్జిగ తాగి పడుకోవడం మొదలుపెట్టింది. కొన్నాళ్లకు పొద్దున లేచేసరికి మొహం ఉబ్బి ఉంది, వేలికున్న ఉంగరం రావడం లేదు. తలనొప్పి. మధ్యాహ్నానికి కళ్ల ముందు మిణుగురులు. 108లో తీసుకెళ్తే పెద్దాసుపత్రిలో చూసిన బీపీ 170/110. ఫిట్స్ రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్ చేసి, నెల నిండకుండానే కాన్పు చేశారు. బిడ్డ రెండు కిలోలు కూడా లేదు. నవజాత శిశువుల వార్డులో ఉంచి బతికించారు. తల్లీబిడ్డా ఇప్పుడు బాగున్నారు, ఆ డాక్టర్లకు చేతులెత్తి దండం పెడతాం.

అయితే, ఆ 4 కిలోలు అరిసెలు కావు, ఒంట్లో చేరిన నీరు. ఇది మేం కనిపెట్టిన సంగతి కాదు. ఏఎన్ఎంల కోసం కేంద్ర ఆరోగ్య శాఖ 2010లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనే ఉంది: నెలలో 3 కిలోలకు మించి పెరిగితే ప్రీఎక్లాంప్సియా (గర్భిణుల్లో బీపీ ప్రమాదకరంగా పెరిగే జబ్బు), కవలలు, మధుమేహం ఉన్నాయేమో అనుమానించాలి. మన పెద్దవాళ్లు గుర్రపు వాతం అని భయపడేది ఆ ప్రీఎక్లాంప్సియా ముదిరి ఫిట్స్ వచ్చినప్పుడే. బరువు పెరిగిందంటే జబ్బు ఉన్నట్టేనని ఎవరూ అనరు. కాళ్ల వాపు చాలామంది గర్భిణులకు మామూలే. జబ్బును తేల్చేది బీపీ, మూత్రంలో ప్రొటీన్. కానీ ఆ రెండూ సరిగ్గా చూడమని ముందుగా గట్టిగా చెప్పేది ఈ తూకమే. ఆ రోజు అది చెప్పింది. విన్నవాళ్లు జోకు వేశారు.

3. పెరగని బరువును మెచ్చుకుంటున్నారు. మా వీధిలోనే ఇంకొకామె, మిరప కోతలకు వెళ్తుంది. కడుపు రాకముందు 41 కిలోలు. ఆరో నెలలో 43. "నువ్వు బాగా కంట్రోల్‌లో ఉన్నావమ్మా" అన్నారు. కంట్రోల్ కాదు, ఆకలి. పైగా బిడ్డ లావైతే కాన్పు కష్టమని, ఆపరేషన్ అవుతుందని ఇంట్లో అన్నం తగ్గించి పెట్టడం మన దగ్గర కొత్త కాదు. 43 అనే అంకె చూసి ఎవరైనా ఒక్క ప్రశ్న వేసి ఉంటే బయటపడేది. ఏం తింటున్నావు? అంగన్‌వాడీ నుంచి గుడ్డూ పాలూ అందుతున్నాయా, అందితే నువ్వే తింటున్నావా, ఇంట్లో పిల్లలకు పెడుతున్నావా? పనికి ఎన్ని గంటలు వెళ్తున్నావు? మూడో నెల దాటాక నెలకు సుమారు 2 కిలోలు పెరగాలని, అంతకంటే తగ్గితే తిండి చాలడం లేదేమో చూడాలని అదే మార్గదర్శకాల్లో ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ గర్భిణికి రోజూ తినేదానికి తోడు ఇంకో 350 కేలరీలు కావాలని చెబుతోంది. ఈమెకు ఆ లెక్క ఎవరూ చెప్పలేదు. బిడ్డ 2.1 కిలోలతో పుట్టాడు. రెండున్నర కిలోలకు తక్కువ పుట్టిన బిడ్డకు ఇన్‌ఫెక్షన్ల ముప్పు ఎక్కువని మాకంటే మీకే బాగా తెలుసు.

4. అందరికీ ఒకటే కొలబద్ద. "మొత్తం మీద పది కిలోలు పెరగాలి" అని 41 కిలోల మనిషికీ చెబుతారు, 85 కిలోల మనిషికీ చెబుతారు. అమెరికాలో 2009లో ఇచ్చిన లెక్కలు, మన గైనకాలజిస్టులు కూడా ఎక్కువగా చూసే లెక్కలు, మొదట్లో ఉన్న బీఎంఐని (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే అంకెను) బట్టి మారతాయి. బీఎంఐ 18.5 కంటే తక్కువైతే 12.5 నుంచి 18 కిలోలు, 18.5 నుంచి 24.9 వరకు ఉంటే 11.5 నుంచి 16, 25 నుంచి 29.9 అయితే 7 నుంచి 11.5, 30 దాటితే 5 నుంచి 9. మన ఒళ్లకు ఈ అంకెలు కొంచెం అటూఇటూ కావాలని డాక్టర్లు వాదించుకోవచ్చు, అది వాళ్ల పని. కానీ బీఎంఐ లెక్క కట్టాలంటే ఎత్తు కావాలి. మా కార్డుల్లో ఎత్తు రాసినవి చాలా తక్కువ. మూడో నెల లోపు తూచిన బరువు కూడా చాలామందికి ఉండదు, ఐదో నెలలో పేరు రాయించుకున్నవాళ్లకైతే అసలే ఉండదు. మొదలు తెలియకుండా పెరుగుదల ఎలా తెలుస్తుంది?

డాక్టర్ల లెక్కలు కూడా శిలాశాసనాలు కావు. 1950లు, 60లలో అమెరికాలో గర్భిణులను 8, 9 కిలోలకు మించి పెరగనిచ్చేవాళ్లు కాదు, గట్టి కట్టడి చేసేవాళ్లు. 1970లో వాళ్ల జాతీయ విజ్ఞాన అకాడమీ ఆ కట్టడి సరికాదని, సగటున 11 కిలోల దాకా పెరగనివ్వాలని చెప్పింది. ఇది ఎందుకు గుర్తు చేస్తున్నామంటే, మా అమ్మల కాలంలో విన్న "నోరు కట్టుకో" అనే సలహా ఇప్పటికీ మీ నోటి నుంచే మాకు వినపడుతోంది.

5. మిషన్లు నిజం చెప్పడం లేదు. ఒకే రోజు పొద్దున అంగన్‌వాడీలో 58, మధ్యాహ్నం ఆసుపత్రిలో 61. చీర, గాజులు, చేతిలో బ్యాగు ఉంటే ఉన్నాయనుకుందాం, మూడు కిలోలు ఉంటాయా? కిరాణా కొట్టు కాటాకు తూనికలు, కొలతల శాఖ ముద్ర ఉండాలి. లేకపోతే జరిమానా. కందిపప్పు తూచే కాటాకు ఉన్న పట్టింపు కడుపుతో ఉన్న మనిషిని తూచే మిషన్‌కు ఉండొద్దా? 3 కిలోల తేడాతో అనుమానపడాల్సిన చోట మిషనే 3 కిలోలు తప్పు చెబితే ఇక చూసి లాభమేంటి?

కొన్ని కార్డులు ఇంకా విచిత్రం. 52, 54, 56, 58, 60. ప్రతి నెలా సరిగ్గా రెండేసి కిలోలు. మనిషి ఒళ్లు అలా పెరగదు, పెన్ను పెరుగుతుంది. వాంతులతో మంచం పట్టిన నెలలో కూడా ఆమె కార్డులో రెండు కిలోలు పెరిగింది. మొదటి మూడు నెలల్లో వేవిళ్లతో బరువు తగ్గడం మామూలే. కానీ ముందున్న బరువులో 5 శాతానికి మించి తగ్గితే సెలైన్ ఎక్కించాల్సిన పరిస్థితి కావచ్చు. దొంగ అంకె ఆ ప్రమాదాన్ని కూడా దాచేస్తుంది.

6. ఆ అంకె ఆసుపత్రిలో ఆగదు, ఇంటికి వస్తుంది. వరండాలో అత్తగారు విన్నారు. సాయంత్రానికి తోడికోడలికి తెలుసు. "డాక్టరే చెప్పింది" అనే ముద్ర ఒకటి పడ్డాక ఇక ఆ ఇంట్లో ఆమె పెరుగన్నం రెండోసారి వడ్డించుకోవడానికి కూడా జంకుతుంది. ఇంకొన్ని ఇళ్లలో దీనికి సరిగ్గా తిరగబడి, ఇద్దరి తిండి తినాలని నెయ్యి మీద నెయ్యి. రెండూ తప్పే, రెండింటికీ మందు ఒకటే. మీరు ఆమెతో ఓ రెండు నిమిషాలు నెమ్మదిగా మాట్లాడడం.

ఇది మర్యాదకు సంబంధించిన ఫిర్యాదు మాత్రమే అనుకోకండి. అయితే మర్యాద కూడా మీరే రాతపూర్వకంగా ఇచ్చిన మాట. 2019లో కేంద్రం మొదలుపెట్టిన సుమన్ (సురక్షిత మాతృత్వ ఆశ్వాసన్) కార్యక్రమం గర్భిణులకు గౌరవంతో కూడిన ఉచిత సేవలకు హామీ ఇచ్చింది. జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో గోప్యత ఉంది, మానవ గౌరవం ఉంది, తన ఆరోగ్యం గురించి తెలుసుకునే హక్కు ఉంది. ఆ పత్రాన్ని పాటించాలని కేంద్ర ఆరోగ్య శాఖే రాష్ట్రాలకు రాసింది. వరండాలో అరిచి చదివిన అంకె వీటిలో దేనికి సరిపోతుందో మీరే చెప్పండి.

ఏఎన్ఎం అక్కలకు ఒక మాట. మీ మీద మాకు కోపం లేదు. ఒక్క పొద్దులో అంతమందిని చూసి, రిజిస్టర్లో రాసి, కార్డులో రాసి, మళ్లీ ఫోన్‌లో యాప్‌లో ఎక్కించాలి. నెట్‌వర్క్ లేకపోతే సాయంత్రం ఇంటికెళ్లి ఎక్కించాలి. డిజిటల్ మిషన్‌లో బ్యాటరీ అయిపోతే సొంత డబ్బుతో కొన్నవాళ్లు కూడా మాకు తెలుసు. గడి ఖాళీగా ఉంటే పైనుంచి మెమో వస్తుందన్న టెన్షన్‌లోనే 52, 54, 56 పుడుతున్నాయని కూడా తెలుసు. కాబట్టి కింది డిమాండ్లలో సగం మీ తరఫున అడుగుతున్నవే. మీ పై అధికారులు ఈ భాగాన్ని రెండుసార్లు చదవాలని మా కోరిక.

మేం అడుగుతున్నవి ఇవి:

1. బరువు మిషన్‌ను వరండా నుంచి, రిసెప్షన్ నుంచి తీసేయాలి. గది లేకపోతే తెర కట్టాలి. అదీ లేకపోతే పాత చీర కట్టినా మాకు చాలు. చూసేవాళ్లే రాయాలి, లేదా చీటీ మీద రాసి చేతికివ్వాలి. అంకెను పైకి చదవకూడదు.

2. గర్భిణి బరువు గురించి ఆమెతోనే మాట్లాడాలి. భర్తతోనో అత్తగారితోనో చెప్పాలంటే ముందు ఆమెను అడగాలి.

3. "మెక్కుతున్నావా", "ఒళ్లు వంచడం లేదా", "లావెక్కావు", "నోరు కట్టుకో" లాంటి మాటలు చెకప్‌లో వినపడకూడదు. ఇది శిక్షణలో చెప్పాల్సిన విషయం. సర్క్యులర్ మీద సర్క్యులర్ పంపితే ఫైలు లావెక్కుతుంది, అంతే.

4. నెలలో 3 కిలోలకు మించి పెరిగిన ప్రతి గర్భిణికీ అదే రోజు, ఇంటికి వెళ్లేలోపు, కూర్చోబెట్టి బీపీ మళ్లీ చూడాలి, మూత్రంలో ప్రొటీన్ చూడాలి, షుగరు పరీక్ష అయిందో లేదో చూడాలి. తలనొప్పి, కళ్లు మసకబారడం, మొహం చేతులు వాయడం, పైకడుపులో నొప్పి ఉన్నాయా అని అడగాలి. ఇవి వస్తే ఆగకుండా రావాలని, ఎక్కడికి రావాలో కూడా చెప్పి పంపాలి. అన్ని డిమాండ్లలో ఒక్కటే తీరుస్తామంటే మేం ఎంచుకునేది ఇదే.

5. సరిగా పెరగనివాళ్లకు మెచ్చుకోలు వద్దు. తిండి, వాంతులు, పని, రక్తం అడిగి తెలుసుకోవాలి. అంగన్‌వాడీకి ఆ సంగతి చేరాలి. ఆశ కార్యకర్త ద్వారా కబురు పంపితే చాలు, కొత్త యాప్ అక్కర్లేదు.

6. తొలి చెకప్‌లో ఎత్తు, బరువు రెండూ తీసుకుని, "నీకు ఇంత పెరిగితే మంచిది" అని ఆమె కార్డు మీద రాసివ్వాలి. పెరిగే బరువులో బిడ్డ, మాయ, ఉమ్మనీరు, గర్భసంచి, పెరిగిన రక్తం, పాల కోసం ఒళ్లు దాచుకునే కొవ్వు అన్నీ ఉంటాయని ఒక్కసారి చెబితే చాలామందికి భయం పోతుంది. మాకు రెండో కాన్పు దాకా ఎవరూ చెప్పలేదు.

7. అంకె చూడడం ఇష్టంలేనివాళ్లు మిషన్ మీద వెనక్కి తిరిగి నిలబడే వీలుండాలి. బరువు గురించి ఇదివరకే మాటలు పడి, తిండి దగ్గర మనసు పాడైన ఆడపిల్లలకు ఇది చాలా అవసరం. ఎవరైనా ఒక నెల తూకం వద్దంటే వద్దన్నట్టు రాసుకోవాలి. దాన్ని సాకుగా చూపి బీపీ చూడకుండా పంపకూడదు.

8. ప్రతి ఉపకేంద్రానికీ సరైన డిజిటల్ మిషన్, బ్యాటరీలకు డబ్బు ఇవ్వాలి. మిషన్ నిజం చెబుతోందో లేదో తెలిసిన బరువు పెట్టి వారానికోసారి చూసి, ఆ తేదీ మిషన్ మీద అంటించాలి. ఒక గర్భిణిని వీలైనంతవరకు ఒకే మిషన్ మీద, చెప్పులు విప్పించి, బ్యాగు పక్కన పెట్టించి తూచాలి.

9. తూచని రోజు "తూచలేదు" అని రాసే స్వేచ్ఛ ఏఎన్ఎంకు ఉండాలి. అలా రాసినందుకు మెమో ఇవ్వకూడదు. ఎందుకు తూచలేకపోయిందో అడిగి, మిషనో మనిషో కావాలంటే పంపాలి.

10. ప్రైవేటు ఆసుపత్రులకూ ఇవే వర్తించాలి. ఫీజు కట్టినవాళ్లం కాబట్టి మాకు ఎక్కువ మర్యాద కావాలని కాదు. అక్కడా ఇక్కడా ఒకటే మర్యాద కావాలి.

గైనకాలజిస్టుల సంఘాలు కూడా ఈ విషయం మీద తమ సభ్యులతో మాట్లాడాలని కోరుతున్నాం. మీలో చాలామంది ఆడవాళ్లే, చాలామంది తల్లులే. మీకు కాన్పు అయినప్పుడు మిమ్మల్ని ఎక్కడ తూచారో, ఎవరి ముందు తూచారో మీకు తెలుసు.

ఈ పదింటిలో 4, 8 తప్ప మిగతావాటికి పెద్ద ఖర్చు లేదు. 4వ దానికి కూడా కావాల్సింది బీపీ మిషన్, మూత్రంలో ముంచే పట్టీలు. ఇవి ఇప్పటికే మీ సరఫరా జాబితాలో ఉన్నవే. ఏ ఆసుపత్రిలో లేవో మీకే తెలియాలి, తెలియకపోతే మమ్మల్ని అడగండి, చెబుతాం.

మీ జవాబు రాతపూర్వకంగా కావాలి. "పరిష్కరించబడింది" అనే మెసేజ్ మాకొద్దు. ఏ డిమాండుకు ఒప్పుకున్నారు, దేనికి ఒప్పుకోలేదు, ఎందుకు ఒప్పుకోలేదు అని వరసగా రాయండి. ఒప్పుకోనివాటి మీద కూర్చుని మాట్లాడడానికి మేం సిద్ధం. మిషన్‌ను తెర వెనక్కి జరపడానికి మాత్రం జవాబు దాకా, జీవో దాకా ఆగనక్కర్లేదు. వచ్చే 9వ తేదీ చెకప్‌కు మా వీధి నుంచి ముగ్గురు వస్తున్నారు. వాళ్లలో ఒకామెకు పోయిన నెలలోనే మూడు కిలోలు పెరిగింది. ఆమెకు బీపీ సరిగ్గా చూడండి.

ఇట్లు,
మండలంలోని తల్లుల తరఫున,
ఈమధ్యే రెండో కాన్పు అయిన ఒక తల్లి